110 భూములు చేసిన తరగతి

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగు, ఐదు తరగతులు కలిపి 22 మంది పిల్లలు. గ్రహాల పాఠం దగ్గరపడింది. థర్మాకోల్ బంతుల కిట్ కొని, రంగులు వేయించి, తీగలకు గుచ్చి తరగతి గదిలో వేలాడదీస్తే రెండు పీరియడ్లలో అయిపోతుందా, ఏ గ్రహానికి ఏ రంగు వెయ్యాలి అని అడిగారు. అయిపోతుంది. చూడ్డానికి ముచ్చటగానూ ఉంటుంది. అయినా కొనవద్దనే చెప్తాను. ఇప్పటి అనకాపల్లి జిల్లా ప్రభుత్వ బడుల్లో 27 ఏళ్లు పాఠాలు చెప్పాను. ఈ ఒక్క పాఠం కోసమే ఏటా పిల్లల చేత ఏదో ఒకటి చేయిస్తూ వచ్చాను. అందులో నిలిచినవి ఇక్కడ రాస్తున్నాను, మీకు వీలైనంత వాడుకోండి.

మొదటి ఏడాది నేనూ ఆ బంతులే కొన్నాను. ఒక బంతి మీద స్ప్రే పెయింట్ కొడితే అది కళ్లముందే గుంటలు పడి కరిగిపోయింది (ఆ డబ్బాల్లో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది, పిల్లల దగ్గర అసలు వాడకండి). అది చిన్న సంగతి. అసలు దెబ్బ పరీక్షలో తగిలింది. "భూమి కంటే గురుగ్రహం ఎంత పెద్దది?" అని అడిగితే తరగతిలో ఎక్కువ మంది "రెండింతలు" అని రాశారు. పుస్తకంలో అలా లేదు, నేనూ అలా చెప్పలేదు. కిట్‌లో గురుడి బంతి భూమి బంతికి రెండింతలు ఉంది, అంతే. పిల్లలు చేత్తో పట్టుకున్నదాన్నే నమ్మారు, నమ్మడం న్యాయమే. అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల: పిల్లల చేతికి ఇచ్చే బొమ్మ అబద్ధం చెప్పకూడదు. ఒక్క బొమ్మలోనే పరిమాణం, దూరం, రంగు మూడూ చూపించాలని పోతే మూడూ తప్పుతాయి. అందుకే మూడింటినీ విడదీసి మూడు రకాల పనులుగా చేయిస్తాను. రెండు పీరియడ్లు చాలవు, వారం రోజులు రోజుకు అరగంట పెట్టుకోండి.

మొదట పరిమాణం. దీనికి కొలత ఒకటే గుర్తుపెట్టుకోండి: భూమి అడ్డుకొలత 12,756 కిలోమీటర్లు, దాన్ని 1 సెంటీమీటరు అనుకుందాం. అంటే పెద్ద శనగ గింజంత, కాబూలీ శనగలు అంటాం కదా, అంత. మెత్తటి బంకమట్టి తెప్పించి ఒక్కొక్కరి చేత ఐదేసి ఉండలు చేయించండి. స్కేలు మీద పెట్టి చూసుకుంటూ చేస్తారు. మట్టి ఆరితే కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు వెంట్రుకవాసి పెద్దగానే చెయ్యమనండి. మీకు 22 మంది ఉన్నారన్నారు, ఐదేసి చొప్పున 110 భూములు వస్తాయి. నాకు ఒక ఏడాది సరిగ్గా ఇదే లెక్క కుదిరింది, అందుకే మీ ప్రశ్న చూడగానే సంతోషం వేసింది.

ఇప్పుడు బడి వరండాలో నేల మీద ఒక మేకుకు దారం కట్టి, 54 సెంటీమీటర్ల పైన ఒక అరసెంటీమీటరు కలిపి కొలిచి, సుద్దముక్కతో గుండ్రంగా గీయించండి. 109 సెంటీమీటర్ల అడ్డుకొలత వస్తుంది. అదే సూర్యుడు. ఆరిన భూములను ఆ గుండ్రానికి అడ్డంగా, మధ్యలోంచి ఒక వరుసలో పేర్చమనండి. ఒకటి, రెండు, పది, యాభై... లెక్క గట్టిగా బయటికే చెప్పమనండి. అవతలి అంచు చేరేసరికి 109 భూములు పడతాయి. ఒక్కటి మిగులుతుంది. ఆ మిగిలిన 110వ ఉండే మన ప్రాజెక్టులో భూమి. దానికి నీలం రంగు వేసే అవకాశం ఎవరికి దక్కుతుందో చీటీలు వేసి తేల్చండి. ఉండలు అటూ ఇటూ అయి వరుస రెండు మూడు తేడాతో వచ్చినా ఫర్వాలేదు. ఎందుకు తేడా వచ్చిందో పిల్లలనే అడగండి, కొలతలో పొరపాటు అంటే ఏమిటో ఆ వయసుకే తెలుస్తుంది.

మిగతా గ్రహాలు ఇదే కొలతలో ఇలా వస్తాయి. బుధుడు 4 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, పెసర గింజంత. శుక్రుడు 9 మిల్లీమీటర్ల పైన, దాదాపు భూమంతే. కుజుడు 5 మిల్లీమీటర్లు, మిరియం గింజంత. గురుడు 11.2 సెంటీమీటర్లు. శని 9.4. యురేనస్ 4 సెంటీమీటర్లు, నిమ్మకాయంత. నెప్ట్యూన్ 3.9, అదీ నిమ్మకాయే. మన చందమామ 2.7 మిల్లీమీటర్లు, ఆవగింజ కంటే కాస్త పెద్దది. ముందు వంటింటి గింజలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏది ఏ గ్రహమో ఊహించమనండి. పెసర గింజ పక్కన పీచు తీసిన చిన్న కొబ్బరికాయంత గురుణ్ణి చూసినప్పుడు తరగతిలో ఒక్క క్షణం మాట ఉండదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఏటా ఇది చేయించేదాన్ని.

చందమామ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈ కొలతలో చందమామ భూమికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే పిల్లల పెట్టెలో ఉండే స్కేలు పొడవు. స్కేలుకు ఒక చివర శనగంత భూమి, రెండో చివర ఆవగింజంత చందమామ. చార్టుల్లో చందమామ భూమికి ఆనుకుని ఉంటుంది కదా, ఎప్పటికీ ఆ బొమ్మే మనసులో ఉండిపోతుంది. ఒక్క స్కేలుతో అది చెరిగిపోతుంది. 2023 జులై 14న శ్రీహరికోటలో ఎగిరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగిందని చెప్పి, ఆ స్కేలు మీద వేలితో ప్రయాణం చేయించండి. దారిలో ఎక్కువ రోజులు భూమి చుట్టూ, చంద్రుడి చుట్టూ తిరుగుతూనే గడిపింది కాబట్టి వేలు తిన్నగా పోకూడదు, చుట్లు తిరుగుతూ పోవాలి.

పెద్ద గ్రహాలకు మట్టి పనికిరాదు. బరువవుతుంది, పగులుతుంది. దీనికి మన అమ్మమ్మల పద్ధతే మంచిది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో బుట్టలూ చేటలూ చేసేవారు, గుర్తుందా? పాత న్యూస్‌పేపర్లు చింపి రెండు రోజులు నీళ్లలో నాననివ్వండి. ఒక గుప్పెడు మెంతులు వేరే గిన్నెలో నానబెట్టి, రెండూ కలిపి గ్రైండర్‌లో మెత్తగా వెయ్యండి. మెంతుల జిగురుకే గుజ్జు పట్టు వస్తుంది, ఫెవికాల్ అక్కర్లేదు. లోపలికి మాత్రం పొడి కాగితాలు నలిపి ఉండ చుట్టి దారంతో బిగించాలి. గురుడికి ఈ లోపలి ఉండ 10 సెంటీమీటర్లు, దానిమీద అర సెంటీమీటరు మందాన గుజ్జు. అడ్డుకొలత చూడాలంటే ఉండను రెండు పుస్తకాల మధ్య నిలబెట్టి ఆ సందు కొలవాలి, లేదా చుట్టూ దారం తిప్పి చుట్టుకొలత చూడాలి. గురుడికి దారం 35 సెంటీమీటర్లు రావాలి, శనికి 29న్నర. ఐదో తరగతి పిల్లలకు చుట్టుకొలతకూ అడ్డుకొలతకూ మూడింతల పైచిలుకు సంబంధం ఉంటుందని ఇక్కడే తగులుతుంది, దాని పేరు పై (π) అని మీరు చెప్పనక్కర్లేదు. ఎండలో నాలుగైదు రోజులు ఆరాలి, కాబట్టి వానాకాలంలో పెట్టుకోకండి.

గుజ్జు ఇంకా పచ్చిగా ఉండగానే ఒక పని చేయించండి. గురుణ్ణి పైనా కిందా అరచేతులు పెట్టి కాస్త నొక్కాలి, పై నుంచి కిందికి పదిన్నర సెంటీమీటర్లే ఉండేలా. శనిని ఇంకొంచెం ఎక్కువ, ఎనిమిదిన్నర దాకా. ఎందుకంటే అవి నిజంగానే అలా నొక్కినట్టు ఉంటాయి. గురుడు అంత పెద్ద ఒంటితో తన చుట్టూ తాను పది గంటలకంటే తక్కువలో తిరిగేస్తాడు, ఆ వేగానికి నడుము దగ్గర ఉబ్బుతాడు. "టీచర్, బంతి వంకరైంది" అని పిల్లలు అనుకునే చోట మీరు "అదే సరైనది" అనగలిగితే, తర్వాత కారణం చెప్పడం సులువు.

గురుడి మీద పట్టీల గురించి మాకు ఒక అదృష్టం ఉంది. ఏటికొప్పాక మా జిల్లాలోదే. అక్కడ అంకుడు కర్రను లేత్ మిషన్ మీద తిప్పుతూ, తిరిగే కర్రకు లక్క ముక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పట్టీలా పట్టుకుంటుంది. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్తే ఒక పిల్లవాడు పట్టీలు పడిన బంతిని చూసి "ఇది గురుగ్రహం లాగే ఉంది" అన్నాడు. వాడు ఊరికే పోలిక చెప్పాడు గానీ, అందులో నిజం చాలానే ఉంది. గురుడి మబ్బులు కూడా ఆ గిరగిర తిరుగుడు వల్లే అడ్డంగా, నడుముకు సమాంతరంగా పట్టీలు పట్టీలుగా సాగిపోతాయి. అప్పటినుంచి నేను గురుడికి చేత్తో పట్టీలు గీయించడం మానేశాను. ఆరిన ఉండలోకి వెదురుపుల్ల గుచ్చి, ఒకరు పుల్లను రెండు చేతుల మధ్య తిప్పుతుంటే ఇంకొకరు తడి కుంచెను కదలకుండా ఆనించి పట్టుకుంటారు. పట్టీ దానంతట అదే పడుతుంది. గోధుమ, మీగడ, ఇటుక రంగు, మళ్లీ మీగడ. మీ బడికి ఏటికొప్పాక దూరమైనా ఇది చెయ్యొచ్చు, కుమ్మరి సారె ఉన్న ఊరైతే ఇంకా బాగా.

ఎర్రమచ్చ మరిచిపోకండి. అది రెండొందల ఏళ్లకు దగ్గరగా మనుషులు గమనిస్తూ వస్తున్న తుఫాను. మన కొలతలో ఒకటింపావు సెంటీమీటరు వెడల్పు ఉండాలి. వేశాక ఆ 110వ భూమిని తెచ్చి మచ్చ మీద పెట్టించండి. భూమి మొత్తం ఆ తుఫానులో పట్టేస్తుంది, ఇంకా అంచు మిగులుతుంది.

శని వలయాలకు పాత శుభలేఖ అట్ట సరిగ్గా సరిపోతుంది, దాని మెరుపు కూడా కలిసొస్తుంది. బయటి అంచు 21న్నర సెంటీమీటర్లు, లోపలి రంధ్రం 11.7. చిన్న కార్డులైతే రెండు అతికించుకోండి. మధ్యలో కాస్త ఖాళీ కనిపించేలా 19 సెంటీమీటర్ల దగ్గర నల్ల గీత గీయించండి, దాన్ని కసీనీ ఖాళీ అంటారు. వలయం శనికి తాకకూడదు, సన్నటి కొబ్బరి ఈనెలు నాలుగు గుచ్చి వాటిమీద నిలబెట్టాలి. ఆ వలయాలు మంచుగడ్డల గుంపులు. లక్షల కిలోమీటర్ల వెడల్పున్నా చాలాచోట్ల మందం పదుల మీటర్లే. మనం వాడే మామూలు కాగితం, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్నది కూడా, ఈ కొలతలో 120 కిలోమీటర్లకు పైబడిన మందం అవుతుంది. అంటే శని వలయాలంత పల్చగా మనం ఏ కాగితంతోనూ చెయ్యలేం. ఈ మాట పిల్లలకు చెప్పండి, వాళ్లకు చాలా ఇష్టం. ఒక ఏడాది చూపు సరిగా ఆనని పాప ఒకతె మా తరగతిలో ఉండేది. నల్లబల్ల మీది బొమ్మలు ఆ పిల్లకు ఎప్పుడూ అందలేదు. ఈ వలయాన్ని వేళ్లతో తడిమి, లోపలి సందు దాకా వచ్చి "ఇక్కడ ఖాళీ ఉంది" అని తనే చెప్పింది. అలాంటి పిల్లలు మీ దగ్గర ఉంటే రంగుల కంటే ముందు ఆకారాలు వాళ్ల చేతిలో పెట్టండి.

ఇక రంగులు. మీరు అడిగిన అసలు ప్రశ్న ఇదే కదా. చిన్న గ్రహాలు మరీ చిన్నవి, వాటిమీద కుంచె ఆడదు. అందుకే వాటికి వేరేగా "దగ్గరి బొమ్మలు" వేయిస్తాను: అట్టలు పళ్లెమంత గుండ్రంగా కత్తిరించి, ఎనిమిదీ ఒకే సైజులో. వెనకవైపు "ఇది కొలత ప్రకారం వేసింది కాదు, దగ్గర్నుంచి చూసినట్టు వేసింది" అని పిల్లల చేతే రాయించండి. రంగు ముట్టుకునే ముందు ప్రతి గ్రహానికీ ఒక ప్రశ్న: ఆ రంగు ఎందుకు?

కుజుడికి డబ్బా రంగు కొనకండి. గోడలకూ అరుగులకూ అలికే జాజు తెప్పించండి, కొన్ని ఊళ్లలో జేగురు అంటారు. దాని ఎరుపు ఇనుప తుప్పుది. కుజుడి మట్టి ఎరుపూ ఇనుప తుప్పుదే. అంటే అట్ట మీద పూస్తున్నది కుజుడి రంగుకు నకలు కాదు, అక్కడి ఎరుపుకు మూలమైన పదార్థమే. ఇది చెప్పినప్పుడు పిల్లలు వేలిని జాజులో ముంచి ఎంతసేపు చూసుకుంటారో మీరే చూస్తారు. మన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న ఆ ఎర్రటి గోళం చుట్టూ కక్ష్యలోకి చేరింది. పైనా కిందా ధ్రువాల దగ్గర బియ్యప్పిండితో తెల్లటి చుక్కలు పెట్టించండి, అక్కడ మంచు ఉంటుంది.

శుక్రుడి దగ్గర అందరూ పొరబడతారు. పుస్తకాల్లో మండుతున్న నారింజ రంగులో ఉంటాడు. అది మబ్బుల్ని దాటి రాడార్‌తో తీసిన నేల చిత్రానికి తర్వాత వేసిన రంగు. కంటికి కనిపించేది మబ్బే, అది మీగడ తెలుపు, కొద్దిగా పసుపు ఛాయ. బియ్యప్పిండి జావలో చిటికెడు పసుపు కలపండి. సున్నంలో మాత్రం కలపకండి, ఎర్రబడిపోతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు చూసిన పిల్లలకు ఇది ముందే తెలుసు. తెలిసిన దాన్ని పాఠంలోకి లాగండి: పసుపు సున్నంలో ఎర్రబడుతుంది, నిమ్మరసంలో పసుపుగానే ఉంటుంది. శుక్రుడి మబ్బులూ నిమ్మరసంలా ఆమ్లమే, సల్ఫ్యూరిక్ ఆమ్లం. సున్నం మీరే ఒక గిన్నెలో కలిపి చూపించండి, కళ్లలో పడితే ప్రమాదం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఇంకో సంగతి, పసుపు ఎండకు వెలిసిపోతుంది. శుక్రుడి బొమ్మను కిటికీ పక్కన తగిలించకండి.

బుధుడు బూడిద రంగు, ఒళ్లంతా గుంటలు. అట్ట మీద పల్చగా మట్టి పరిచి, అది తడిగా ఉండగా పై నుంచి రకరకాల గింజలు, గులకరాళ్లు వదలమనండి. ఎత్తు పెరిగేకొద్దీ గుంట ఎలా మారుతుందో గమనిస్తారు. ఇక్కడ చెప్పవలసిన ముచ్చట ఒకటుంది. బుధుడి మీది గుంటలకు కవుల, చిత్రకారుల, సంగీతకారుల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు పేర్లతో గుంటలున్నాయి. త్యాగరాజు పేరుతోనూ ఒకటుంది. తెలుగులో కృతులు కట్టిన మనిషి పేరు సూర్యుడికి అతి దగ్గరి గ్రహం మీద ఉందంటే పిల్లలకు ఎంత సంబరమో! ఆ రోజు ప్రార్థనలో ఒక త్యాగరాజ కీర్తన పెట్టుకోండి. వాళ్లు వేసిన గుంటలకు వాళ్లకు ఇష్టమైన కళాకారుల పేర్లు పెట్టుకోనివ్వండి. బుర్రకథ చెప్పే తాతయ్య పేరైనా సరే, గొబ్బి పాటలు పాడే అమ్మమ్మ పేరైనా సరే.

యురేనస్, నెప్ట్యూన్‌లకు బట్టలకు పెట్టే నీలిమందు చాలు. రెండింటి గాలిలోనూ మీథేన్ అనే వాయువు ఉంది, అది సూర్యకాంతిలోని ఎరుపును మింగేసి నీలాన్ని మిగులుస్తుంది. పాత చార్టుల్లో నెప్ట్యూన్ ముదురు నీలంగా ఉంటుంది. 1989లో వాయేజర్-2 వ్యోమనౌక పంపిన చిత్రాలను మబ్బులు బాగా కనపడాలని అప్పట్లో ముదురు చేశారు, ఆ ముదురే అందరికీ అలవాటైంది. 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఆ చిత్రాలను సరిచేసి చూపించారు: రెండూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ నీలం, నెప్ట్యూన్ ఒక్క పిసరు నీలం ఎక్కువ. అందుకే ఒకే గిన్నెలో రంగు కలిపి యురేనస్‌కు వేశాక, మిగిలిన రంగులో ఒక్క చుక్క నీలిమందు వేసి నెప్ట్యూన్‌కు వాడండి. యురేనస్ పక్కకి పడుకుని దొర్లుతున్నట్టు తిరుగుతుంది, ఇరుసు ఈనెను అడ్డంగా గుచ్చాలి.

సూర్యుడికి పిల్లలు పసుపే అడుగుతారు. అంతరిక్షం నుంచి చూస్తే సూర్యుడు తెల్లగా ఉంటాడని, మన గాలి వల్ల పొద్దున్నా సాయంత్రం పసుపుగా, ఎర్రగా కనిపిస్తాడని చెప్పి, ఆ వరండా గుండ్రాన్ని ముగ్గుపిండితో నింపించండి. భూమి మీద కొండలు అతికించాలని ఎవరైనా పట్టుపడితే వద్దనండి. శనగంత భూమి మీద ఎవరెస్టు ఎత్తు మిల్లీమీటరులో నూరో వంతు కూడా రాదు.

మూడోది దూరం. దీనికి కొలత పూర్తిగా మార్చాలి, మార్చామని గట్టిగా చెప్పాలి. 30 మీటర్ల తాడు తీసుకోండి. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం 1 మీటరు. బుధుడు 39 సెంటీమీటర్ల దగ్గర, శుక్రుడు 72, భూమి 1 మీటరు, కుజుడు ఒకటిన్నర మీటర్లు. తర్వాత గురుడు 5.2, శని తొమ్మిదిన్నర, యురేనస్ 19, నెప్ట్యూన్ 30. బట్టల క్లిప్పులకు కాగితపు జెండాలు అతికించి పెట్టించండి. నాలుగు జెండాలు ఒకచోట గుంపుగా, మిగతా తాడంతా ఖాళీగా ఉండటం చూసి, కొలత తప్పిందని పిల్లలు గొడవ చేస్తారు. మళ్లీ కొలవనివ్వండి. ఇక ఈ తాడు మొదట సూర్యుణ్ణి ఉంచాలి కదా, ఎంత పెద్దది పెట్టాలి? 9 మిల్లీమీటర్లు. అంటే మొన్న భూమి అనుకున్న శనగ గింజే ఇవాళ సూర్యుడు. గురుడు గసగసాల గింజంత. భూమి కంటికి కనబడీ కనబడనట్టు ఉంటుంది. పరిమాణం, దూరం రెండూ ఒకే బొమ్మలో ఎందుకు ఇరకవో పిల్లలకు నేను వివరించాల్సిన పని ఆ శనగ గింజ చేసి పెట్టింది.

తాడు చూశాక గ్రహాలన్నీ నిజంగా ఇలా వరుసలో నిలబడి ఉంటాయనుకునే ప్రమాదం ఉంది. మైదానంలో లోపలి నాలుగు గ్రహాలకు చుట్లు గీసి పిల్లల్ని వాటిమీద నడిపించండి. బుధుడికి 88 రోజులు, మనకు 365, కుజుడికి 687. నెప్ట్యూన్ మాత్రం 1846లో కనిపెట్టినప్పటినుంచి మొదటి చుట్టు పూర్తి చెయ్యడానికి 2011 దాకా పట్టింది.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "గుడిలో తొమ్మిది గ్రహాలున్నాయి కదా టీచర్, ఇక్కడ ఎనిమిదేమిటి? రాహువు ఏడి?" ఈ ప్రశ్నను నవ్వి తోసెయ్యకండి, పుస్తకంలో అలా లేదని నోరు మూయించకండి. చుక్కలన్నీ కలిసికట్టుగా కదులుతుంటే వాటి మధ్య తమ దారిన తాము నడిచేవాటిని పూర్వులు కంటితోనే గుర్తుపట్టి గ్రహాలన్నారు. సూర్యుడు, చంద్రుడు, మంగళ, బుధ, గురు, శుక్ర, శని, మన వారాల పేర్లు వరుసగా అవే. రాహుకేతువులు చంద్రుడి దారి, సూర్యుడి దారి ఆకాశంలో ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లు, గ్రహణాలు ఆ చోట్ల దగ్గరే పడతాయి. ఇప్పుడు గ్రహం అంటే సూర్యుడి చుట్టూ తిరిగేది అని అర్థం మారింది కాబట్టి సూర్యుడు నక్షత్రమయ్యాడు, చంద్రుడు ఉపగ్రహమయ్యాడు, మన కాళ్లకింది నేల గ్రహమైంది. దుర్భిణితో యురేనస్ 1781లో దొరికింది, నెప్ట్యూన్ ఆ తర్వాత దొరికింది. ప్లూటో 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి వెళ్లింది. మీ కిట్‌లో తొమ్మిది బంతులు సూర్యుడితో కలిపి అయితే సరే, ప్లూటోతో కలిపి అయితే అది పాత కిట్టు. గుడి లెక్కా బడి లెక్కా వేరు వేరు ప్రశ్నలకు జవాబులని ఐదో తరగతి పిల్లలకు చక్కగా అర్థమవుతుంది, వాళ్ల ఇంటి నమ్మకాన్ని తక్కువ చెయ్యకుండానే.

వారం చివర, పిల్లలు అలిసిపోకపోతే, శనగంత భూమి కొలతకే తిరిగి వచ్చి బడి బయటికి నడవండి. వరండాలో ముగ్గు సూర్యుడి నుంచి భూమి 117 మీటర్లు. ఆ దూరం మామూలుగా నడవకూడదు. ఒక పాదం మడమ ఇంకో పాదం బొటనవేలికి ఆనేలా, సెకనుకు ఒక పాదం చొప్పున వెయ్యాలి. మన కొలతలో వెలుగు సెకనుకు 23న్నర సెంటీమీటర్లు పోతుంది, చెప్పులు వేసుకున్న పదేళ్ల పిల్లల పాదం ఇంచుమించు అంతే. ఎనిమిది నిమిషాల పైన పడుతుంది, సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి పట్టేదీ అంతే. మధ్యలో ఓపిక పోతుంది, పోనివ్వండి. వెలుగు వేగంతో నడుస్తున్నామని తెలిశాక ఎవ్వరూ ఆగరు.

కుజుడు 179 మీటర్లు, అంతవరకు అందరూ వెళ్లొచ్చు. గురుడు 610 మీటర్లు, శని కిలోమీటరు దాటి, యురేనస్ రెండుంపావు కిలోమీటర్లు, నెప్ట్యూన్ మూడున్నర. పిల్లల్ని రోడ్డు వెంట అంత దూరం నడిపించకండి. దానికి బదులు హాజరుపట్టీ తీసి, ఎవరిల్లు ఎంత దూరమో చూసుకోండి, ఫోన్‌లో మ్యాప్ ఉంటే దూరం ఇట్టే తెలుస్తుంది. గురుణ్ణి ఆ దూరంలో ఇల్లున్న పిల్లవాడికి ఇవ్వండి, శనిని ఊరి చివర పిల్లకు. ఇంటివాళ్లతో ముందు రోజే ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే చెత్తనుకుని పారేస్తారు. మాకు నెప్ట్యూన్ దూరంలో పక్క ఊరు వచ్చేది. అక్కణ్ణుంచి ఒక్కతే అమ్మాయి సైకిల్ మీద బడికి వచ్చేది, ఆ నిమ్మకాయంత నీలి ఉండను టిఫిన్ డబ్బాలో దూదిలో పెట్టుకుని తీసుకెళ్లింది. వాళ్లింటి కిటికీలో చాలాకాలం ఉందట. రోజూ పొద్దున్న బడికి వచ్చి, వరండాలో చెప్పులు విడుస్తూ, "టీచర్, నెప్ట్యూన్ నుంచి వచ్చాను" అనేది.